నా జొన్న చెలక ఊరు కాదని మనవి

భూముల కొలత, శిస్తు చూచు బందోబస్తు కచేరీ పెద్ద అధికారి గారి దివ్య సముఖమునకు,

వనపర్తి ప్రాంతము, ఖిల్లా ఘణపూర్ దరి ఉప్పరిబండ గ్రామ నివాసి, రికార్డు ప్రకారం ఎక్కడా నివాసి కాని రైతు చిన్నయ్య వ్రాసుకొను అర్జీ. ఫసలీ 1349, అమర్దాద్ మాసము.

అయ్యా,

విషయం: ప్లేగు కాలమున నా పట్టా చెలకలో ఊరివారు గుడిసెలు వేసుకొన్నందున, సర్వేవారు సదరు చెలకను ఊరుగాను, అసలు ఊరిని పాడుగాను వ్రాసినది దిద్దించుట గురించి; మరియు వాన పడకముందే నా చేను నన్ను దున్నుకోనిచ్చుట గురించి.

1. తమకు విన్నవించునది ఏమనగా, ఊరికి తూర్పున ఉన్న సదరు చెలక మా తాత నాటి నుండి మా పట్టా. అందులో మేము పచ్చజొన్న తప్ప మరొకటి వేసి ఎరుగము. ముందటేడు చలికాలంలో మా ఊర్లో ఎలుకలు రాలినవి. ఎలుకలు రాలితే ఊరు విడిచి చేలలో గుడిసెలు వేసుకొనుట మా వైపు ఆచారము. జొన్న కోత అయిపోయి నా చెలక ఖాళీగా ఉండెను కనుక నేనే అందరినీ రమ్మన్నాను. ఎవరి వద్దా ఏమీ పుచ్చుకోలేదు. పొయ్యిలు పెట్టిరి, బర్రెలను కట్టిరి, ఊర్లో ఉప్పు బెల్లం అమ్మే ఖాజా మియా తన దుకాణం కూడా అక్కడే తెరిచెను. రోగం తగ్గినాక ఉగాదికి ఎవరి ఇండ్లకు వాళ్లము తిరిగి వచ్చినాము.

2. ఆ నడుమనే సర్వే గొలుసులు వచ్చినవి. కొలతకు వచ్చిన ఉద్యోగి ప్లేగు భయానికి అసలు ఊర్లో అడుగు పెట్టలేదు. భయపడినందుకు తప్పు పట్టను, నేనూ భయపడే చెలకకు పోయినాను. కానీ ఆయన గుట్ట మీద నిలబడి చూసి, తలుపులు మూసిన ఇండ్లున్న చోటును 'బేచిరాగ్', అనగా దీపం వెలగని పాడు ఊరనియు, పొగ లేచుచున్న నా చెలకను 'ఆబాది', అనగా జనం కాపురమున్న ఊరనియు వ్రాసుకొని పోయెను. మా ఊరి పట్వారీ గారు తమ ఇంటి అరుగు మీద కూర్చుండియే, తమ ఇల్లు లేదన్న ఆ కాగితం మీద సంతకం చేసినారు.

"ఇదేంది పంతులూ, మీరు కూసున్న అరుగు గూడ లేనట్టే గదా?" అని అడిగినాను.

"పైనుంచి వచ్చిన రాతను నేనెట్ల కాదంట చిన్నయ్యా? అరుగు యాడికి పోతది?" అన్నారు.

ఆయన అరుగు ఆయనకు ఉన్నది. నేను మాత్రం నిరుడు విత్తనం వేయలేదు.

3. ఎందుకనగా, ఊరి జాగాను దున్నుట నేరమట. తొలకరికి నాగలి కట్టగానే పట్వారీ గారి మనిషి వచ్చి ఎద్దులను విప్పించెను. శిస్తు కట్టి అయినా చేను నిలుపుకొందామని కచేరీకి పోతే, చేనే లేనప్పుడు శిస్తు ఎక్కడిదని గుమాస్తా గారు తీసుకోలేదు. శిస్తు పుచ్చుకోండి మహాప్రభో అని రైతు బతిమాలుట తమ నౌకరీలో ఎన్నడైనా చూసినారా? నేను గుమాస్తా గారి కాళ్లు పట్టుకొని బతిమాలినాను.

4. నిరుడే ఒక అర్జీ పెట్టుకొన్నాను. విచారణకు పట్వారీల మీది అధికారి గిర్దావరు గారు దయచేసినారు. దయచేసినది కోతల కాలం, మిట్టమధ్యాహ్నం. సొంత చేను లేక నేనూ, నా భార్య హన్మమ్మా పరాయి చేలలో కూలికి పోయినాము. ఊరంతా చేలలోనే ఉంది. ఇంటి గడపలో చూపు ఆనని మా అమ్మ కిష్టమ్మ ఒక్కతే కూర్చున్నది. గిర్దావరు గారు గుర్రం దిగకుండానే "ఎవరున్నరు ఇక్కడ?" అని గద్దించినారట. వచ్చినది ఎవరో తెలియక ముసలిది, "ఎవ్వరు లేరు నాయనా, అందరు చేన్ల కాడికి పోయిండ్రు" అన్నది. ఏ ఇంట్లో ముసలమ్మ అయినా అనే మాటే కదా అది! గిర్దావరు గారు దానిని 'ఈ ఊర్లో ఎవరును లేరు, అందరును చేలకు తరలిపోయినారని స్థానికురాలి వాంగ్మూలము' అని వ్రాసి, బంట్రోతు చేత ఆమె వేలిముద్ర కూడా వేయించుకొన్నారు. ఊర్లో ఎవరూ లేకుంటే ఆ వేలు ఎవరిదో తమరే విచారించవలెను.

5. దరిమిలా, తమ కచేరీకి హాజరు కమ్మని నాకు సమన్లు వచ్చినవట. సమన్లు తెచ్చిన జవాను రికార్డు ప్రకారం ఊరెక్కడో చూసుకొని నా చెలకకు పోయి, ఇల్లు కనబడక రేగుచెట్టుకు అంటించి పోయినాడు. మేకలు తినివేసినవి. నేను హాజరు కాలేదని అర్జీ కొట్టివేసినారు. "కాయితం అందలే దొరా" అని మొర పెట్టుకొంటే, "ఊర్లనే అంటించినం, నువ్వు ఊర్ల ఉంటలేవా?" అని జవాను నన్నే గదమాయించెను. ఇంతకన్నా నేనేమి చెప్పగలను? చెప్పి చెప్పి నాకే విసుగు వచ్చినది. నేనున్నది ఊరేనా అని ఒక్కోనాడు నాకే అనుమానం వస్తున్నది.

6. ఇవన్నీ ఓర్చుకొంటిని. ఓర్వలేనిది ఇది. ఈ నెల గడిస్తే, నా చెలకలో గుడిసె వేసినవారి పేర ఆ జాగాలను ఖాయం చేయుదురట. నాకు వరుసకు బామ్మర్ది అయిన మాసయ్య ఇప్పుడే తన జాగా చుట్టూ ముళ్లకంప నాటి, బర్రెను కట్టినాడు. పోయి అడిగినాను.

"నువ్వు పిలిస్తెనే గద బావా వచ్చినం. సర్కారే ఇస్తుంటె నేనొద్దనాల్నా?" అన్నాడు.

"రోగానికి జాగిచ్చిన్రా నీకు. పట్టాకు ఇయ్యలే."

"గట్లని యాడన్న రాసి ఉన్నదా?"

రాసి లేదు. ప్రాణభయంతో పరుగెత్తి వచ్చినవానికి గుడిసె వేసుకోమని చెప్పేటప్పుడు ఎవరు వ్రాయించుకొంటారు? అతని భార్య ఆ గుడిసెలోనే ప్రసవించినది. హన్మమ్మే బిడ్డకు నీళ్లు పోసినది. ఆ మాట ఎత్తితే మాసయ్య బర్రె దిక్కు తిరిగినాడు. నాకు ఏడుపు వచ్చినదని సిగ్గుపడక మనవి చేయుచున్నాను. ఒక్క ఖాజా మియా మాత్రం, "నీ చెలక నాకెందుకు చిన్నయ్యా, రేపు అల్లాకు ఏమని చెప్పాలె?" అని తన జాగా వద్దని ఈ అర్జీ వెనుక దస్కతు చేసినాడు. దానినైనా చూడవలెను.

7. కూలికి వచ్చిన జొన్నలలో ఏరి ఉంచిన విత్తనాన్ని హన్మమ్మ అటక మీద దాచి, నిచ్చెన తీసి పక్కింట్లో పెట్టించినది. పిల్లలు ఆకలి అంటే తన మనసు ఎక్కడ కరుగుతుందోనని భయం. "నిరుడు విత్తనం తిన్నం. ఈయేడు గూడ తింటె ఇగ మనం రైతులమే గాదు" అంటుంది. ఈ కారుకు విత్తకపోతే ఆ జొన్నలు పొయ్యి మీదికే పోతవి. మళ్లీ విత్తుదామన్నా చెలక మాసయ్యదై ఉంటుంది.

కావున తమరు, ఊరిని ఊరుగాను, చెలకను చెలకగాను దిద్దించవలెను. మాకు కొత్తగా ఏమీ ఇవ్వనక్కరలేదు. మబ్బు దక్షిణాన ఉన్నది. అది మా గుట్ట దాటకముందే ఈ నాలుగు మాటలు చిత్తగించి, హుకుం దయచేయించవలెను.

ఇట్లు,
ఊర్లోనే ఉండి ఊర్లో లేని
తమ విధేయుడు
చిన్నయ్య

మరి ఒక మనవి: ఈ అర్జీ ముగించి దస్కతు చేసేలోపలే వాన వచ్చినది. మంచి వాన. హన్మమ్మ నన్ను అడగకుండానే నిచ్చెన తెప్పించి విత్తనం దించినది. ఎద్దులను కట్టి విత్తే గొర్రు పట్టుకొని పోతున్నాము. మాసయ్య ముళ్లకంప కూడా పీకుతాను. ఊరిని దున్నిన నేరానికి పట్టుకోదలిస్తే సమన్లు రేగుచెట్టుకు అంటించవద్దు, జవానును నేరుగా గొర్రు దగ్గరికి పంపండి. సాలు చివరికి రాగానే అతని వెంట వస్తాను.

కానీ ఆ జవాను ముందు మా ఇంటి గడప దాకా పోవాలని కాళ్లు మొక్కి అడుగుతున్నాను. తన మాట వల్లనే చెలక పోయిందని తెలిసిన నాటి నుండి అమ్మ గడప దిగడం లేదు. అన్నం కూడా అక్కడే. మనిషి నడిచినా, మేక నడిచినా, అడుగుల చప్పుడు వింటే చాలు, "ఉన్నం నాయనా, అందరం ఈడనే ఉన్నం, రాసుకో" అంటుంది. ఇందాక నేను ఎద్దులను తోలుకొని బయటికి వస్తుంటే నాకూ అదే చెప్పింది. ఎవరైనా ఒకరు వచ్చి రాసుకొని పొండి.