కస్టమ్స్ వాడి సొంత నంబరు

మంగళవారం రాత్రి, ఆళ్లగడ్డ

రాయి చెక్కడానికని నాయన విదేశీ సైట్‌లో కొన్న మిషన్ ఇంకా రాలేదు. ఫోన్లు మాత్రం వస్తున్నాయి. సైట్‌లో డెలివరీ ఉచితమనే రాశారు. ఈరోజు ఎవడో ఫోన్ చేసి, పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందని, రేపటిలోగా టాక్స్ కట్టకపోతే వెనక్కి పోతుందని బెదిరించాడు. ఆ డబ్బు తన సొంత నంబరుకే పంపాలట!

"రసీదు అడుగు నాయనా. గవర్నమెంటు టాక్సు ఎవుని ఫోన్‌కో పంపుతారా యాడన్నా?" అన్నాను.

నాయన ఉలి కింద పెట్టాడు. "మన బొమ్మలు ఎట్ల అమ్ముతాండాం పాపా? మొగం తెలీనోళ్లు ఫోటో చూసి బయానా పంపుతాండారు గదా. వాళ్లు నమ్మబట్టే మనం తింటాండేది."

అయినా నేను వదల్లేదు. పొద్దున నంద్యాల పోస్టాఫీసులో అడిగేదాకా పైసా పంపనని మాత్రం ఉలి మీద ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు వేస్తున్నప్పుడు నాయన నా కళ్లలోకి చూడలేదు.

ఇది రాస్తుండగానే పక్క గదిలో ఫోన్ మోగింది. నాయన గొంతు తగ్గించి మాట్లాడాడు. తర్వాత సంతోషంగా కేకేశాడు.

"పాపా, బేరమాడితే సగానికి దిగినాడు!"

పన్నుకు బేరమా! పోయి ఆ ఫోన్ లాక్కోవాలి.