నూటికి అరవై నాలుగు

అనంతపురం,
జూన్ 2004.

ప్రియమైన నాయనకు,

నువ్వు పంపిన నూరు వేరుశనగ విత్తనాలు తడి గోనెపట్టాలో చుట్టి మంచం కింద పెట్టాను. వాసన కొడుతోందని రూములో పిల్లలు ఒకటే గొడవ. అరవై నాలుగు మొలిచాయి. కదిరి వ్యాపారి సంచి మీద నూటికి డెబ్భై అని వేసుకున్నాడు. ఆరు తగ్గాయని ఆయన్ను దొంగ అనేయడానికి లేదు. మాకు స్టాటిస్టిక్స్‌లో నేర్పేది ఇదే, ముందు ఆయన మాట నిజమనే అనుకోవాలి. నిజంగా డెబ్భై మొలిచే సంచిలోంచి కళ్లు మూసుకుని నూరు తీసినా, పదిసార్లకు ఒకసారి ఇంత తక్కువ రావచ్చు. ఇరవైకి ఒకసారి కన్నా అరుదైతేనే ఆయన మాట అబద్ధమంటాం. అందుకు అరవై ఒకటికైనా దిగాలి. కాబట్టి విత్తనం చెడ్డదని చెప్పలేను.

మంచిదనీ చెప్పలేను నాయనా. నూరు గింజలతో తేలలేదు, అంతే. వాన పడేలోపు ఇంకో రెండు వందలు పంపు. నీ మాట మీద ఊరంతా తెప్పించుకున్న సంచులు. నాకు భయంగా ఉంది.

నీ కూతురు,
మౌనిక.

అనంతపురం,
మధ్యాహ్నం.

నాయనా,

విత్తడానికి గొర్రు కట్టి ఉంటే ఆపు. ఈ ఉత్తరం కుందుర్పి బస్సు డ్రైవరు శివప్ప చేతికి ఇస్తున్నాను. సాయంత్రానికల్లా నీకు అందాలి.

కళ్లు చూపించుకోవడానికి వచ్చిన అమ్మ పొద్దున హాస్టల్‌కు వచ్చింది. మాటల్లో మొలకల సంగతి చెప్పాను. నవ్వుతూ అంది: "ఆ సంచిలోవి ముడుచుకపోయి ఉండాయి మే. నీ జత పిల్లోళ్లు చూస్తే ఏమనుకుంటారని సగం తీసేసి, మన ఇంటివి ఒలిచి కలిపినా."

అమ్మ మీద అరిచాను. పరీక్షకు పంపే గింజల్ని కూతురికి పంపే చిరుతిండిలా ఏరింది! మన ఇంటి విత్తనం పదికి తొమ్మిది మొలుస్తుందని నువ్వే అంటావు. అంటే ఆ అరవై నాలుగులో నలభై ఐదు మనవే. సంచివి యాభైకి పంతొమ్మిది. డెబ్భై మొలిచే విత్తనం ఇంత దిగడం లక్షసార్లకు ఒకసారైనా జరగదు. ఇంక అదృష్టం మాటే లేదు. ఆ విత్తనం చెడ్డది నాయనా. ఎవర్నీ విత్తనివ్వకు.

మౌనిక.

కుందుర్పి దగ్గర, మన ఊరు.

అమ్మా మౌనికా, నాయన దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేసరికే వాన పడింది. ఊళ్లో గొర్రులన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇంటింటికీ పరుగెత్తి ఆపాను. సుంకప్ప మాత్రం పొద్దున్నే విత్తేశాడు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నీ మొదటి ఉత్తరం ఊరందరి ముందు చదివాను. "చెడ్డదని చెప్పలేను" అన్నంత వరకు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను. కింది మాటలు నాకు కనబడకపోలేదు. తెప్పించినవాణ్ణి నేనే, మళ్లీ పరీక్ష అంటే నా పరువేం కావాలి? "పాప చదువుకుండాది, ఇంగ యోచన యాలప్పా" అని అందరికంటే ముందు లేచినవాడు సుంకప్పే.

నిన్న ఆయన చేనిగట్టు మీద నిలబడి రెండు ఉత్తరాలూ మొత్తం చదివాను. "ఆ పొద్దే అంతా చదివింటే నీకేం పోయేదన్నా?" అన్నాడు సుంకప్ప. తిట్టి ఉంటే బాగుండేది.

ఇవాళ మన ఎద్దులతో ఆయన చేను మళ్లీ దున్ని సజ్జ విత్తుతున్నాం. నేలలో పదును రేపటికి ఆరిపోతుంది. మన చేనికి మళ్లీ వాన రావాలి, వస్తుందో రాదో.

అమ్మ మీద అరిచావు కదా, ఇంకెప్పుడూ అలా అరవకు. ఆమె తెలియక చేసింది. నేను తెలిసి చేశాను.

ఇట్లు,
నీ నాయన,
బయ్యన్న.