ఫోన్లు చేసే పని పోయింది

సుధా,

రేపు నీ సంవత్సరీకం. సాయంత్రం మా ఇంట్లోనే భజన.

నువ్వు పోయాక, భజన ఎవరింట్లో జరుగుతుందో మన టకానిని పేటలో పెద్దవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పే పని నాకొచ్చింది. నీతో అరగంట మాట్లాడే కమలమ్మగారు నాతో మాత్రం "సరేనమ్మా" అని పెట్టేసేవారు. నాకు ఒళ్లు మండేది. దేవుడి ముందు కూర్చున్నా తగ్గేది కాదు.

ఈ వారం ఆ పని కూడా పోయింది. ఊరికి అటు చివర ఆల్బనీలో ఉద్యోగం చేసే లావణ్య మన భజన బృందం టీమ్ చాట్‌ని టెక్స్ట్ మెసేజ్‌లకు కలిపింది. చాట్‌లో ఒక్కసారి రాస్తే, ఆ యాప్ లేని పెద్దవాళ్ల ఫోన్లకు దానంతటదే వెళ్తుంది. వాళ్ల జవాబులు తిరిగి చాట్‌లోకే వస్తాయి.

"ఇక మీకు శ్రమ లేదు పెద్దక్కా, అంతా ఆటోమేటిక్!" అంది.

రేపటి భజనకు వచ్చిన జవాబులు చదివాను. "సుధ కోసం తప్పకుండా వస్తాం." "సుధ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది." అన్నిట్లోనూ నువ్వే. ఏడాదైనా నీతో పోటీ తప్పలేదు కదే అనుకున్నాను.

ఆఖర్న కమలమ్మగారి మెసేజ్ వచ్చింది. "సుధ వాళ్లక్క ఈసారి ఫోన్ చెయ్యలేదేం? ఒంట్లో బాగానే ఉందా?"

అందులోనూ ముందు నీ పేరే. అయినా రెండుసార్లు చదువుకున్నాను. "చూశావా, నన్నే అడిగారు" అని నీ దగ్గర గొప్పలు పోదామని, ఫోన్‌లో నీ పేరు వెతికాను.

అక్క