రెండో గిటారు ఆగే చోటు

హోతకా,
ఫిబ్రవరి 27.

గౌరవనీయురాలైన కినుకో అక్కకు హత్సుయే వంగి చేసే నమస్కారం.

కొండల మీద మంచు ఇంకా కరగలేదు. వసాబి దుంపలు పండించే మడుల్లో నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే పారుతున్నాయి. ఇక్కడ నేనూ మా ఆయనా కుక్కా క్షేమం. అక్కడ నువ్వూ మీ చెల్లెలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కొత్త ఊళ్ళో మంగలి దుకాణం బాగా నడుస్తోందని రాశావు. సంతోషం. సముద్రపు గాలికి నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందో పెరిగిందో మాత్రం రాయలేదు.

నీ ఉత్తరం, ఎండుచేపల పెట్టె ఒకే రోజు అందాయి. చేపలు మొచిజుకి గారి దుకాణంలోవని రాశావు. నుమజులో నీకు దొరికిన కొత్త గిటారు జోడీ ఆమే కదా. మా ఆయన కాల్చుకుని తిని, ఇంత మంచి చేప ఈ మధ్య తినలేదన్నాడు. నేను సగం ముక్క తిని, ఉప్పెక్కువైందని పక్కన పెట్టాను. ఉప్పు సరిగ్గానే ఉంది. మిగతా సగం మా ఆయన బయటికి వెళ్ళాక తిన్నాను.

తీగలు మీటడానికి ఆమె గోళ్ళకు పింగ్‌పాంగ్ బంతి ముక్కలు అతికించే అవసరమే లేదని రాశావు. రోజంతా ఉప్పునీళ్ళలో చేతులు పెట్టే మనిషికి గోళ్ళు అంత గట్టిగా ఎలా ఉంటాయో నాకు అర్థం కాలేదు. నా గోళ్ళు నీకు తెలుసు. మడుల్లో నాని నాని, వేలాడే తడి కాగితాల్లా ఉంటాయి. మొదటి ఏడాది గిటారు వర్క్‌షాపులో నా గోరు తీగకు తగిలి చీలిపోతే, నన్ను నీ దుకాణానికి తీసుకెళ్ళి, గడ్డం గీసే కుర్చీలో కూర్చోబెట్టి, తెల్ల బంతిని గోళ్ళ ఆకారంలో కత్తిరించి జిగురుతో అతికించింది నువ్వే. నీ కత్తెరకు అప్పటిదాకా ఒట్టి బుర్రలే దొరికాయనీ, ఖాళీ బంతి దొరకడం అదే మొదటిసారనీ అన్నావు. ఆ మాటకు పక్క కుర్చీలో గడ్డం నురగతో ఉన్న పెద్దాయన నవ్వి, నురగ మింగి, దగ్గాడు. నీ కుడిచేతి గోళ్ళతో తల రుద్దించుకోవడానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ తలలన్నీ చూసేవాళ్ళు లేక ఎలా పెరిగాయో నువ్వు చూడాలి. మా ఆయనది నేనే కత్తిరించాను. అతను టోపీ తీయడం లేదు.

ఈ ఏటి వర్క్‌షాపు ఎలా జరిగిందని అడిగావు. కొండ కింద మూతపడిన బడిలోనే జరిగింది. అవే చిన్నపిల్లల కుర్చీలు. అదే కిరోసిన్ పొయ్యి, దాని మీద అదే కెటిల్. గదిలో తేమ తగ్గితే గిటార్ల చెక్క పగులుతుందని యొనెకురా మాస్టారు ఎప్పటిలాగే తడి తువ్వాళ్ళు దండెం మీద ఆరేయించారు. వాయించడానికి ముందు అందరం వరసగా కూర్చుని ఉప్పుకాగితంతో గోళ్ళు రుద్దుకున్నాం. ఆ చప్పుడుకు మా ఆయన, పెట్టెలో ఎలుకలు పడ్డట్టుందని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పంది మాంసం వేసిన మిసో పులుసు వండాను. నువ్వు వేసినంత అల్లం వేశాను. ఎవరూ రెండోసారి అడగలేదు.

ఈసారి కొత్తగా ఒకాయన చేరారు. మత్సుమొతోలో పళ్ళ డాక్టరు, పేరు ఫురిహత. చాలా పొడుగు. ఆ చిన్న కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గిటారు కంటే పైకి వస్తాయి. తన గోళ్ళు పళ్ళు అరగదీసే మిషనుతో అరగదీసుకుంటారట. మంచి మనిషి. ఎవరైనా నవ్వితే నోట్లోకి చూస్తారు.

మాస్టారు ఈ ఏడు నేర్పించింది ఒకటే. "మీటడం మీ అందరికీ వచ్చు. ఆపడం ఒక్కరికీ రాదు," అన్నారు. ఒక స్వరం మీటాలి, అది ఎక్కడ ఆగాలో ముందే అనుకోవాలి, అనుకున్న చోట తీగ మీద వేలు ఆనించి ఆపాలి. పొద్దున్నంతా అదే పని. నాకు మొదట విసుగేసింది. డాక్టరు గారు అయితే తీగ మీద వేలు పడేసి టక్కున ఆపేస్తున్నారు. పన్ను పీకినట్టు ఆపుతున్నారేమిటండీ అని మాస్టారు అడిగితే, నాకు వచ్చిన పని అదే కదండీ అన్నారాయన. అందరం నవ్వాం. నువ్వుంటే ఇంకో మాట అనేదానివి. ఆ మాట ఏమయ్యుండేదో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను, దొరకలేదు.

తర్వాత నాకు ఒక సంగతి తెలిసింది. మన 'రాళ్ళు కడిగే పాట'లో నేను మీటే అన్నిటికంటే కింది స్వరపు లావు తీగ ఉంది చూడు, దాన్ని నేను ఎప్పుడూ ఆపలేదు. మీటి వదిలేసేదాన్ని. అది అలాగే మోగుతూ ఉండేది. మాస్టారు నా బొటనవేలి పక్కభాగం తీగ మీద ఆనించి ఆపించారు. అప్పుడు పైన స్వరాలు ఉండాల్సిన చోటు కడిగినట్టు ఖాళీగా వినపడింది. అంటే ఇన్నేళ్ళుగా నువ్వు పైన వాయిస్తుంటే నేను కింద బురద తొక్కుతూ వచ్చాను. నువ్వు ఒక్కసారి కూడా చెప్పలేదు. మొచిజుకి గారు ఆ తీగను మొదటి రోజే ఆపి ఉంటుంది. నువ్వు రాయలేదు గాని, నాకు తెలుస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి మడిలో పని చేస్తున్నా అదే ధ్యాస. రాళ్ళ మధ్య నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి, ఎక్కడ ఆగడం లేదు అని వింటున్నాను. ఒకసారి వింటూ వింటూ దుంప బదులు నా చేతి తొడుగునే బుట్టలో వేశాను. మా ఆయన దాన్ని సంతకు తీసుకెళ్ళబోయాడు.

ఇక జోడీ సంగతి. చివరి రోజు ఇద్దరిద్దరుగానే వాయించాలన్నది మన పద్ధతి కదా. నువ్వు లేవు కాబట్టి నన్ను ఒంటరిగా వదిలేస్తారని నువ్వేమీ బెంగపడనక్కర్లేదు. డాక్టరు గారు తానే వచ్చి అడిగారు. మాస్టారు సరేనన్నారు. 'రాళ్ళు కడిగే పాట' ఇద్దరం వాయించాం. ఆయన మొదటి గిటారు, నేను రెండోది. చాలా బాగా కుదిరింది. ఆయన ఎడమచెయ్యి పెద్ద చెయ్యి. గిటారు మీద నువ్వు పై మెట్లకు జరిగే చోట నీలాగా తడుముకోలేదు. ఆ చోట నువ్వు ముక్కుతో గట్టిగా గాలి పీలుస్తావే, మనం రికార్డు చేసుకున్న క్యాసెట్టులో ప్రతిసారీ పాట కంటే అదే పెద్దగా వినపడి నవ్వుకునేవాళ్ళం. ఆయన దగ్గర ఆ చప్పుడు లేదు. ఆగాల్సిన పని లేకుండా హాయిగా సాగిపోయింది. వాయించడం అయ్యాక అందరూ బాగా చప్పట్లు కొట్టారు.

నువ్వు అడిగిన దానికి వస్తాను. ఏప్రిల్లో అక్కడ కచేరీ ఉందనీ, మన పాటే వాయిద్దామనుకుంటున్నారనీ, రెండో గిటారు స్వరాలు రాసిన నా కాగితం, వేళ్ళ గుర్తులతో సహా, మొచిజుకి గారి కోసం పంపమనీ రాశావు. ఆమె చాలా తొందరగా పట్టేస్తుందనీ, నాకు ఒక చలికాలం పట్టిన చోట్లు ఆమెకు ఒక మధ్యాహ్నంలో వచ్చేస్తున్నాయనీ కూడా రాశావు. కాగితం అడగడానికి ఆ మాట రాయనక్కర్లేదు.

ఆ పాట ఎవరిదని మొచిజుకి గారికి చెప్పావో లేదో నాకు తెలియదు. వసాబి మడుల్లో రాళ్ళు కడుగుతూ మా అత్తగారి కాలం ఆడవాళ్ళు పాడుకున్నది. మాటలు అందరూ మరిచిపోయారు. ముసలి తొకుసబురో గారు నీ దుకాణంలో గడ్డం గీయించుకుంటూ కూనిరాగం తీస్తే, నువ్వు కత్తి పక్కన పెట్టి, ఆయన్ను సగం గడ్డంతో కూర్చోబెట్టి, మళ్ళీ మళ్ళీ పాడించుకున్నావు. దాన్ని రెండు గిటార్లకు మలచడానికి మనకు ఎన్ని చలికాలాలు పట్టిందో లెక్క నువ్వే వేసుకో. సముద్రం పక్కన చేపలు ఎండేసుకునేవాళ్ళకు మడిలో రాయి కడగడం ఏం తెలుస్తుంది?

పైగా, ఒకరి వేళ్ళ గుర్తులు ఇంకొకరికి ఇవ్వడం మన దగ్గర లేదు. ఎవరి చేతికి తగ్గవి వాళ్ళే వెతుక్కోవాలని మాస్టారు మొదటి రోజు చెప్పింది నీకూ గుర్తుండే ఉంటుంది. అయినా నువ్వు అడిగావని వెతికాను. కాగితం కనిపించలేదు. పోయిన నెల అటక సర్దినప్పుడు పాత పేపర్లతో కలిసిపోయి ఉంటుంది. లేకపోతే ఎలుకలు కొట్టేసి ఉంటాయి. అంత చురుకైన మనిషికి నా కాగితం లేకపోయినా ఇబ్బంది ఉండదులే.

చేపలకు బదులుగా నాలుగు వసాబి దుంపలు వేరే పార్సిలులో పంపుతున్నాను. తడిగుడ్డలో చుట్టి ఉంచు. మీ చెల్లెలికి నా నమస్కారాలు చెప్పు. మొచిజుకి గారికి చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం.

చలి పోయేదాకా ఒళ్ళు జాగ్రత్త.

ఇట్లు,
నీ
హత్సుయే

తా.క.: ఉత్తరం అతికించి, మా ఆయన తపాలా ఆఫీసు వైపు వెళ్తుంటే చేతికిచ్చాను. ఏం రాశావన్నాడు. డాక్టరు గారితో కలిసి వాయించిన సంగతి రాశానన్నాను. చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నవాడు ఆగిపోయాడు. "నువ్వు వాయిస్తున్నంత సేపూ డాక్టరు గారు నా పక్కన కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకున్నారు కదే. నాక్కూడా పెట్టారు," అన్నాడు. కవరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అందుకే కవరు చింపి, ఉత్తరం కింద ఇది రాస్తున్నాను.

డాక్టరు గారు అడిగింది నిజమే. మాస్టారు సరేనన్నదీ నిజమే. మొదటి గిటారు కాగితం ఒకసారి చూపిస్తే నేర్చుకుంటానని ఆయన అడిగారు. అది నుమజులో ఉందని చెప్పాను. నీ భాగం మొత్తం నాకు కంఠతా వచ్చునని చెప్పలేదు. కాగితం లేకపోతే వేరే పాట ఏదైనా వాయించమన్నారు మాస్టారు. నేను ఒప్పుకోలేదు. నా ఎడమ పక్కన నీ కుర్చీ వేసి, వాయించేటప్పుడు నువ్వు పాదం ఆనించుకునే కాలిపీట పెట్టి, రెండో గిటారు ఒక్కటే వాయించాను. వినేవాళ్ళకు అది పాటలా ఉండదు. గోడ అవతల ఎవరో పని చేసుకుంటున్నట్టు ఉంటుంది.

నువ్వు పై మెట్లకు జరిగే చోటు వచ్చింది. నేను ఆగాను. ఆగాలని అనుకోలేదు, చెయ్యే ఆగింది. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. నేను మరిచిపోయానని అందరూ తలలు దించుకున్నారట. కెటిల్ చప్పుడు ఒక్కటే. అప్పుడు మూడో వరసలో జలుబు చేసినవాళ్ళెవరో ముక్కు ఎగబీల్చారు. నా బొటనవేలు వెంటనే కింది తీగ మీటింది. అక్కడి నుంచి చివరిదాకా వాయించి లేచాను. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పెడుతుంటే మాస్టారు దగ్గరికి వచ్చారు. "సరైన చోటే ఆగావమ్మా. అవతలివాళ్ళే రాలేదు," అన్నారు. నీ కుర్చీ ఆయనే తీసి పెట్టారు.

కాగితం ఎలుకలు కొట్టలేదు. ఈ కవరులోనే ఉంది. వేళ్ళ గుర్తులన్నీ ఉన్నాయి, కింది తీగ ఎక్కడ ఆపాలో కొత్తగా గుర్తులు పెట్టాను. ఆ ఒక్క చోట మాత్రం ఏమీ లేదు. నేను చెరిపేశానని అనుకోవద్దు. అక్కడ ఎప్పుడూ ఏమీ రాసుకోలేదు. నువ్వు గాలి పీలుస్తావు, అది విని నేను మీటుతాను. దాన్ని పెన్సిలుతో ఎలా రాయాలో నాకు తెలియలేదు.

మొచిజుకి గారిని అక్కడ కాగితం చూడవద్దని, వినమని చెప్పు. ఆమెకు వినపడకపోతే కాగితం నాకు తిరిగి పంపించు.