381654729కి జోడీ లేదు

బావా,

ఈ రోజు టెక్కలి బడిలో, నా పదో తరగతి ఆడపిల్లల ముందు, నువ్వు నెగ్గావు.

పలాసలో డయాలసిస్ మంచం మీద పడుకుని నువ్వు పట్టుకున్న సంఖ్య అది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ ఒక్కోసారే వస్తాయి. ఎడమ నుంచి మొదటి రెండంకెలు రెండుతో, మూడంకెలు మూడుతో, అలా మొత్తం తొమ్మిదీ తొమ్మిదితో శేషం లేకుండా భాగమవుతాయి. "ఇలాటిది ఇదొక్కటే" అన్నావు. ఒకటి దొరికితే ఇంకోటి లేదని ఎలా చెబుతావని నేను వాదించాను. "ఉంటే సూపెట్టు, సూద్దాం" అని నవ్వావు. ఆ వాదం తేలకముందే కన్నుమూశావు.

ఐదో చోట ఐదే ఉండాలని పిల్లలు తేల్చారు. సరి స్థానాల్లో సరి అంకెలే పెట్టారు. కుదరనివన్నీ కొట్టేస్తూ పోతే బోర్డు మీద నీ సంఖ్యే మిగిలింది. ఇది ఎవరు కనిపెట్టారని అడిగితే, మా ఆయన అని చెప్పాను.

నిమ్మాడ నుంచి వచ్చే పావని లేచింది. "మేడమ్, సివర సున్నా పెడితే పదితో కూడా పోతాది కదా. సారు సూడనేదా?"

చూడలేదు బావా, నువ్వూ నేనూ కూడా. సుద్దముక్క పావని చేతికిచ్చాను. నీ సంఖ్య పక్కన సున్నా తనే పెట్టింది.