తాకని బోర్డు

మోరీన్ అక్కా,

క్షేమంగా చేరాను, కంగారుపడకు. మన కీరన్ కుర్రజట్టులో ఆడిన ఫుట్‌బాల్ క్లబ్బు మ్యూజియాన్ని, స్టేడియాన్ని టికెట్టు కొనుక్కుని టూరిస్టులా చూశాను. మైదానంలోకి వెళ్లే గుమ్మం పైన క్లబ్బు బోర్డుంది. అందరూ దాన్ని తాకి ఫొటోలు దిగారు.

"మీరూ తాకండమ్మా, అదృష్టం కలిసొస్తుంది" అంది గైడు పిల్ల.

ఎత్తిన చెయ్యి దించేశాను. పెద్ద జట్టులో ఆడేదాకా కుర్రజట్టువాళ్లు దాన్ని తాకరు కదా. "నాకంటే ముందు నువ్వు తాకావో, నీతో మాట్లాడనమ్మా" అనేవాడు నా కీరన్. వాడు పోయి ఏడాదైనా ఆ మాట దాటలేకపోయాను.

రోజూ మా ఇంటికెళ్లి పిల్లికి పాలు పోస్తున్నావా? వంటింటి కుళాయి కారుతుంటే కింద బకెట్టు పెట్టు. నీ పిల్లలకు నా ముద్దులు.

పెరటి గుమ్మం దగ్గరున్న వాడి బూట్లు కడిగేస్తానన్నావు. కడగొద్దు. ఆ బురద ఇక్కడిదే అక్కా.

నీ చెల్లి,
రోడా