దురద మాత్రల సంగతి

కుక్కల చర్మం డాక్టరమ్మగారికి నమస్కారం.

ఎదురుగా చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. పోయిన మంగళవారం మీరు మా బొగ్గుకి పక్కటెముకల మీద బొచ్చు గొరిగి వరసగా సూదులు గుచ్చారు. దుమ్ముకీ గడ్డికీ దేనికీ ఒక్క దద్దురైనా లేవలేదు. "ఇది ఎలర్జీ కాదేమోనమ్మా, సోమవారం మత్తిచ్చి చర్మం ముక్క తీసి చూద్దాం," అన్నారు. దాని గుండె బలహీనమన్నదీ మీరే.

మాత్ర ఒంట్లో ఉంటే దద్దురు లేవదని, పరీక్షకి ముందు రెండు వారాలు దురద మాత్రలు ఆపమన్నారు కదా, నేను ఆపలేదు. "ఆపారు కదా?" అని మీరు అడిగినప్పుడు మా ఆయన పక్కనే ఉన్నారు. నిజం చెబితే మళ్లీ రెండు వారాలు ఆపమంటారని తలూపేశాను. ఆయనది రాత్రి డ్యూటీ, పగలే నిద్ర. అది గోక్కుంటే కాలు నేలకి టకటకా కొట్టుకుంటుంది. "ఇంకొక్కసారి నా నిద్ర చెడితే దీన్ని ఊరవతల వదిలేసి వస్తా," అన్నారు. అన్నంత పనీ చేసే మనిషి.

మీకు పుణ్యముంటుంది, సోమవారం దానికి మత్తు ఇవ్వకండి. నిన్నటి నుంచి మాత్ర మానేశాను. రెండు వారాలాగి మళ్లీ గుచ్చి చూడండి. ఏది పడట్లేదో తేలితే, దానికి తగ్గట్టు మీరు చేయిస్తానన్న ఆ కొత్త సూదిమందే వేయిద్దాం. పగటిపూట మాత్రం ఫోన్ చేయకండి.

అక్షరాలు వంకరపోయాయి, ఏమీ అనుకోకండి. ఎడమ చేత్తో దాని వెనక కాలు నా ఒళ్లో అదిమి పట్టుకుని రాస్తున్నాను. ఆయన లేవడానికి ఇంకా మూడు గంటలుంది.

బొగ్గు వాళ్లమ్మ